కుటుంబ కేసుకు లాయరు, ఫీజు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. కొన్నాళ్లు శ్రీకాకుళంలో, ఎక్కువకాలం విజయనగరంలో. పని మానేసినా ఫోన్లు మానలేదు. పలాస నుంచి, చీపురుపల్లి నుంచి, బొబ్బిలి నుంచి ఎవరో ఒకరు చేసి అవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. నేను లాయరును కాను. కోర్టు వరండాలో నేర్చుకున్నదే చెబుతున్నాను.

## లాయరును వెతికే ముందు

ఇంట్లో గొడవ ముదిరింది. ముందు పోలీస్ స్టేషన్‌కా, లాయరు దగ్గరికా, పెద్దమనుషుల దగ్గరికా?

దెబ్బలు తగులుతుంటే, ప్రాణభయం ఉంటే ఆలోచన వద్దు. 112 కి గానీ మహిళా హెల్ప్‌లైన్ 181 కి గానీ ఫోన్ చేయండి. జిల్లా కేంద్రంలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది. తలదాచుకునే చోటు, వైద్యం, న్యాయ సలహా అక్కడ డబ్బు లేకుండా దొరుకుతాయి.

అంత అత్యవసరం కాకపోతే స్టేషన్‌లో కాగితం ఇచ్చే ముందు ఒక లాయరుతో అరగంట మాట్లాడండి. వేధింపుల కేసు, అంటే పాత 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. ఒకసారి కట్టాక మీరు వెనక్కి తీసుకుంటానంటే అక్కడితో ఆగదు. పెద్దమనుషుల దగ్గర మాట్లాడుకోవడంలో తప్పు లేదు. అక్కడ సంతకాలు మాత్రం పెట్టొద్దు.

పెద్దల సమక్షంలో స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకున్నాం. ఇంకా లాయరు ఎందుకు?

ఎందుకంటే ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. హిందూ వివాహ చట్టం కింద కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తీర్పు ఉత్తర్వు, ఉండాలి. కులాచారం ప్రకారం విడాకులు ఉంటే 29(2) సెక్షన్ దాన్ని కాపాడుతుంది గానీ, ఆ ఆచారం నిజంగా ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాల్సింది మీరే. ఆ కాగితం నమ్మి రెండో పెళ్లి చేసుకుని, తర్వాత మొదటి భార్య వేసిన కేసులో ఇరుక్కున్నవాళ్లను చాలామందిని చూశాను. నోటరీ ముద్ర ఉన్నా అంతే. అది సంతకం మీదేనని చెబుతుంది తప్ప విడాకులు ఇవ్వదు.

మా ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, అత్తగారిది బరంపురం. నేను పుట్టింట్లో శ్రీకాకుళంలో ఉన్నాను. కేసు ఎక్కడ వేయాలి?

శ్రీకాకుళంలోనే వేయవచ్చు. పెళ్లి జరిగిన చోటు, ఎదుటివారు ఉంటున్న చోటు, ఇద్దరూ చివరిగా కాపురం చేసిన చోటు కాక, భార్య ప్రస్తుతం ఉంటున్న చోట కూడా పిటిషన్ వేసుకోవచ్చని 2003 లో హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్‌లో చేర్చారు. మనోవర్తి కేసుకైనా, గృహహింస కేసుకైనా ఇదే వెసులుబాటు. గృహహింస కేసుకు మీరు తాత్కాలికంగా తలదాచుకున్న ఊరు కూడా చాలు.

భర్త తన ఊళ్లో ముందే కేసు వేసి ఉంటే, దాన్ని ఇటు మార్పించమని అడగవచ్చు. రాష్ట్రం లోపలైతే హైకోర్టులో, తెలంగాణ నుంచో ఒడిశా నుంచో అయితే సుప్రీంకోర్టులో. దానికి అయ్యే ఖర్చు వేరు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

2022 లో రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ మన్యం జిల్లాలోకి వెళ్లాయి కదా. మా కోర్టు కూడా మారిందా?

జిల్లాల విభజన కలెక్టరాఫీసుల లెక్క. కోర్టు పరిధుల లెక్క వేరు. ఆధార్‌లో జిల్లా పేరు చూసి లాయరును కుదుర్చుకోకండి. మీ మండలం ఏ కోర్టు కిందికి వస్తుందో అక్కడి ఫైలింగ్ సెక్షన్‌లో అడిగితే నిమిషంలో చెబుతారు. ఆ కోర్టులో రోజూ కనిపించే లాయరే మీకు కావాలి.

మాది సవర కుటుంబం. మాకూ ఇవే కేసులా?

కావు. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే వర్తిస్తుందని 2(2) సెక్షన్. జాతాపులు, సవరలు, గదబలు ఇలాంటి విషయాల్లో తమ ఆచారం మీదే ఆధారపడాలి. ఇది తెలియక కొందరు లాయర్లే హిందూ వివాహ చట్టం కింద పిటిషన్ వేసేస్తారు, రెండేళ్ల తర్వాత అది చెల్లదని తేలుతుంది. "మా తెగ కేసులు ఇంతకు ముందు చేశారా?" అని ముందే అడగండి. మనోవర్తి, గృహహింస కేసులు మాత్రం కులమతాలతో, తెగతో పని లేకుండా అందరికీ ఉన్నాయి.

## లాయరును ఎంచుకునేటప్పుడు

తెలిసినవాళ్లెవరూ లేరు. మంచి లాయరును ఎలా కనుక్కోవాలి?

ఒక పూట కోర్టుకు వెళ్లి వరండాలో కూర్చోండి. కేసు పిలిచినప్పుడు ఎవరు లోపలికి వెళ్తున్నారు, ఎవరి తరఫున జూనియర్ వచ్చి వాయిదా అడిగి వెళ్లిపోతున్నాడు, ఎవరు బయటికొచ్చి తన పార్టీకి జరిగింది వివరిస్తున్నారు అన్నది గంటలో తెలిసిపోతుంది. తర్వాత జిరాక్స్ షాపులో, టైపిస్టు దగ్గర అడగండి. వాళ్లు పేరు చెప్పకపోయినా మొహం చెబుతుంది.

చుట్టాలు చెప్పిన పేరు కన్నా, కేసు పూర్తయినవాళ్లు చెప్పిన పేరుకు విలువ ఎక్కువ. కేసు ఇంకా నడుస్తున్నవాళ్లు ఆశతోనో కోపంతోనో చెబుతారు.

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో లాయరు పేరు కొట్టి వెతికే వీలు ఉంది. ఆయన కేసుల్లో హెచ్‌ఎంఓపీలు (హిందూ వివాహ చట్టం కేసులు), ఎంసీలు (మనోవర్తి కేసులు), డీవీసీలు (గృహహింస కేసులు) ఎన్ని ఉన్నాయో చూడండి. అన్నీ భూమి దావాలే అయితే ఆయన గొప్ప లాయరే కావచ్చు, మీ పనికి కాదు. ఇద్దరు ముగ్గురు లాయర్లను కలిసి మాట్లాడాకే వకాలత్ (మీ తరఫున నిలబడే అధికారం లాయరుకు ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టండి.

"మన కులపోడు, మన ఊరోడు" అన్న లెక్క ఒక్కటే పెట్టుకోకండి. మన ఊరోడైతే రేపు అసంతృప్తి వచ్చినా మార్చడానికి మొహమాటం అడ్డొస్తుంది.

ఫేస్‌బుక్‌లో "నంబర్ వన్ విడాకుల లాయర్, 30 రోజుల్లో విడాకులు" అని వస్తోంది. నమ్మవచ్చా?

వద్దు. లాయర్లు ఇలా ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం. నియమం దాటి వచ్చినవాడు మీ దగ్గర ఏ నియమం పాటిస్తాడు? ఎన్‌రోల్‌మెంట్ నంబరు (లాయరుగా నమోదైన నంబరు) అడగండి. ఆ నంబరుతో రాష్ట్ర బార్ కౌన్సిల్‌లోనో, స్థానిక బార్ అసోసియేషన్‌లోనో ఆరా తీయవచ్చు.

విశాఖ నుంచి పెద్ద లాయరును తెచ్చుకుంటే బలంగా ఉంటుందా?

మనోవర్తి, పిల్లల కస్టడీ, పరస్పర అంగీకార విడాకుల వంటి వాటికి అవసరం లేదని నా అభిప్రాయం. ఆయన ప్రతి వాయిదాకూ రాడు. ఇక్కడ ఒక జూనియర్‌ను పెడతాడు. అంటే మీరు ఇద్దరికి కడుతున్నట్టు. పైగా కారు ఖర్చు. ముఖ్యమైన క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటివారి సాక్షిని ప్రశ్నించడం) ఒక్క రోజుకు పిలిపించుకోవడం వేరే సంగతి.

ఆడ లాయరే ఉండాలా?

అక్కర్లేదు. కానీ చెప్పుకోలేని విషయాలు ఉంటే, ఎవరి ముందు నోరు పెగులుతుందో వాళ్లనే పెట్టుకోండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

ఒక తెల్లకాగితం మీద తేదీలు. పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, కాపురం ఎక్కడెక్కడ, ఎప్పుడు విడిపోయారు, ఏ రోజు ఏం జరిగింది. ఈ ఒక్క పేజీ మీకు బోలెడు డబ్బు మిగులుస్తుంది, ఎందుకంటే లాయరు ఇక కథంతా లాగనక్కర్లేదు. దానితో శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఆధార్, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అది, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, దొరికితే భర్త జీతం స్లిప్పు, ఇచ్చిపుచ్చుకున్న వాటి లెక్క, ఆసుపత్రి చీటీలు. అన్నీ జిరాక్సులే ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. వాట్సాప్ మెసేజీలు చెరపొద్దు, ఆ ఫోన్ మార్చొద్దు.

మీ తప్పు ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి. లాయరుకు చెప్పింది ఆయన బయటపెట్టకూడదని చట్టమే అంటోంది. ఆయనకు తెలియని విషయం క్రాస్‌లో ఎదుటి లాయరు నోటి నుంచి వస్తే, ఆ రోజు చూడాలి ఆయన మొహం.

ఇద్దరం ఒప్పుకునే విడిపోతున్నాం. ఇద్దరికీ ఒకే లాయరు చాలదా?

పరస్పర అంగీకార విడాకులకు అది మామూలే, ఖర్చు తగ్గుతుంది. అయితే మధ్యలో బెడిసికొడితే ఆ లాయరు ఒకరి తరఫున రెండోవారి మీద నిలబడకూడదు. డబ్బు, బంగారం, పిల్లల షరతులు ఉంటే, ముఖ్యంగా అమ్మాయి తరఫు వాళ్లు, సంతకానికి ముందు ఆ కాగితం వేరే లాయరుకు ఒక్కసారి చూపించుకోండి. ఆ ఒక్కసారి ఫీజు దండగ కాదు.

## ఫీజు మాట్లాడుకునేటప్పుడు

మొత్తం ఎంత అవుతుంది?

ఫోన్‌లో మొదటి ప్రశ్న ఇదే, "ఏటవుద్ది బాబూ మొత్తం?" అని. ఒక్క అంకె చెప్పేవాణ్ని నమ్మకండి. లాయరు ఫీజుకు ప్రభుత్వ రేటు కార్డు లేదు. ఎదుటివాళ్లు పోరాడతారా, ఎన్ని కేసులు, ఎందరు సాక్షులు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే "మొత్తం ఎంత" అని కాకుండా విడివిడిగా అడగండి. పిటిషన్ రాసి ఫైల్ చేయడానికి ఎంత? మధ్యంతర మనోవర్తి పిటిషన్‌కు వేరేగా తీసుకుంటారా? విచారణకు, అంటే చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యం రాసిచ్చే ప్రమాణపత్రం), క్రాస్, వాదనలకు ఎంత? డిక్రీ వచ్చాక ఎదుటివాడు కట్టకపోతే అమలు పిటిషన్ ఈ ఫీజులోనే వస్తుందా? ఈ చివరి ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. మనోవర్తి కేసుల్లో అసలు యాతన మొదలయ్యేది మాత్రం అక్కడే.

ఫీజు కాక పై ఖర్చులు ఉంటాయి: టైపు, జిరాక్స్, నోటరీ, వకాలత్ మీద వెల్ఫేర్ స్టాంపు, నోటీసు పంపే ప్రాసెస్ ఫీజు, సర్టిఫైడ్ కాపీలు. ఎదుటివారు నోటీసు అందుకోకుండా తప్పించుకుంటే పేపరు ప్రకటన వేయాల్సి వస్తుంది, వీటిలో పెద్ద ఖర్చు అదే. కోర్టు ఫీజు గురించి భయపడొద్దు. ఆస్తి దావాలాగా విలువను బట్టి ఉండదు, విడాకులకైనా మనోవర్తికైనా చాలా చిన్న మొత్తం. "కోర్టు ఫీజే వేలల్లో" అంటే రసీదు చూపించమనండి.

భరణం వచ్చాక అందులో ఇరవై శాతం ఇమ్మంటున్నారు. ముందు ఏమీ కట్టక్కర్లేదంట. మంచిదే కదా?

మంచిది కాదు, అసలు కుదరదు. గెలుపు మీద ఆధారపడిన ఫీజు, వచ్చే సొమ్ములో వాటా లాయరు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ 20వ నియమం. చేతిలో డబ్బు లేకపోతే వాయిదాల పద్ధతిలో కడతానని అడగండి: ఫైలింగ్ రోజు కొంత, ఎదుటివారి జవాబు (కౌంటర్) వచ్చాక కొంత, సాక్ష్యం మొదలైనప్పుడు కొంత. చాలామంది ఒప్పుకుంటారు.

ఫీజుకు రసీదు అడిగితే లాయరు గారు ఏమైనా అనుకుంటారా?

అనుకోనివ్వండి. రసీదు అడగడానికి మొహమాటం ఉంటే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో వేసి, నోట్‌లో "మనోవర్తి కేసు ఫీజు, రెండో విడత" అని రాయండి. మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే ఆయనకు వాట్సాప్‌లో పెట్టండి: "సార్, ఈ రోజు ఇంత ఇచ్చాను, మిగతాది ఫలానా దశలో ఇస్తాను." ఆయన సరే అన్నా చాలు. ఫీజు తగాదాల్లో నేను చూసినవన్నీ మొదటి రోజు సిగ్గుపడి మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చినవే.

ఆడవాళ్లకు ఉచిత లాయరు ఇస్తారంటున్నారు, నిజమేనా? ఉద్యోగం ఉన్నా ఇస్తారా?

నిజం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేదు. టీచరమ్మైనా అడగవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. దూరం అనుకుంటే మీ దగ్గర్లోని కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. ఆధార్ జిరాక్స్, విషయం రాసిన దరఖాస్తు చాలు. ఫోన్‌లో అయితే 15100. లాయరుతో పాటు కోర్టు ఫీజు, టైపు, ప్రాసెస్ ఖర్చులు కూడా వాళ్లే చూస్తారు.

గృహహింస కేసు అయితే ఐసీడీఎస్ (అంగన్వాడీలు చూసే శాఖ) ఆఫీసులోని ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా కూడా వేయవచ్చు.

నేను మగవాణ్ని. కూలి పని. నాకు ఇవ్వరా?

ఇస్తారు, ఆదాయం చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులైతే ఆ పరిమితి కూడా లేదు.

ఉచితంగా వచ్చిన లాయరు సరిగ్గా చూస్తాడా?

బాగా చూసేవాళ్లూ ఉన్నారు, చూడనివాళ్లూ ఉన్నారు. డబ్బిచ్చిన లాయర్లలోనూ అంతే. ఆ సంస్థ లాయర్ల జాబితా (ప్యానెల్)లో ఫలానావారు కావాలని దరఖాస్తులో రాయండి, వీలైతే ఇస్తారు. ఆ లాయరు మీ దగ్గర పైసా తీసుకోకూడదు. అడిగినా, పట్టించుకోకపోయినా సంస్థ కార్యదర్శికి కాగితం ఇవ్వండి. ఆయన న్యాయాధికారి. వేరే లాయరును వేయిస్తారు.

నా లాయరు ఫీజు మా ఆయన చేత కట్టించవచ్చా?

అడగవచ్చు. విడాకుల కేసు నడుస్తుండగా హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద నెలనెలా ఖర్చుతో పాటు కేసు ఖర్చులు కూడా ఇప్పించమని పిటిషన్ వేయవచ్చు. తనకు ఆదాయం లేకపోతే భర్త కూడా భార్యను అడగవచ్చు. మనోవర్తి కేసు పాత నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) 125, ఇప్పుడు 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్. అందులోనూ కేసు ఖర్చులు అడిగే వీలుంది. నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో ఎక్కువే పడుతుంది.

2020 లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ వేయాలి. అందుకే మీ లెక్కలు కూడా సరిగ్గా చెప్పండి. కుట్టుమిషను సంపాదన దాచి పట్టుబడితే మిగతా నిజాలూ తేలిపోతాయి.

## కేసు నడుస్తుండగా

వాయిదా వాయిదాకీ ఖర్చులని అడుగుతున్నారు. ఇవ్వాలా?

గుమాస్తా ఖర్చులు అనేది మా దగ్గర పాత అలవాటు. నేనూ తీసుకున్నవాణ్నే, దాచడం దేనికి. ఊరికే వాయిదా పడిన రోజుకు, పని జరిగిన రోజుకు తేడా అడగండి. "ఈ రోజు ఏం జరిగింది?" అనడిగి జవాబు విన్నాకే ఇవ్వండి. "జడ్జిగారికి ఇవ్వాలి", "బెంచి క్లర్కుకు ఇవ్వాలి" అంటే ఇవ్వొద్దు. ఆ డబ్బు అడిగినవాడి జేబు దాటదు.

నా కేసు ఏమైందో లాయరు చెప్పడం లేదు. ఎలా తెలుసుకోవాలి?

ఫైల్ చేసిన రోజే సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు నంబరు) అడిగి తీసుకోండి. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా, ఏ దశ, ఏ కోర్టు అన్నీ వస్తాయి. నరసన్నపేట వైపు నుంచి ఒకామె చాలాకాలం ఒకే హాలు ముందు కూర్చుని వెళ్లేది. కేసు వేరే కోర్టుకు బదిలీ అయిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పట్లో ఈ యాప్ లేదు. ఇప్పుడుంది, మీ పిల్లల చేత వేయించుకోండి.

ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టమంటున్నారు. పెట్టనా?

వకాలత్ తప్ప మరేదీ చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఖాళీ స్టాంపు పేపరు, ఖాళీ చెక్కు అయితే అసలే వద్దు.

నేను గల్ఫ్‌లో ఉన్నాను. ప్రతి వాయిదాకీ రావాలా?

మామూలు వాయిదాలకు లాయరు చాలు. రాజీ ప్రయత్నం రోజు, సాక్ష్యం రోజు మీరు కావాలి. వీడియో కాన్ఫరెన్స్‌కు అనుమతి అడగమని లాయరుకు ముందే చెప్పండి. అక్కడి భారత ఎంబసీలో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇంట్లోవాళ్ల పేర ఇస్తే ఫైలింగ్ పనులు ఆగవు. మీ కాపురం గురించిన సాక్ష్యం మాత్రం మీ బదులు మీ అన్నయ్య చెప్పలేరు.

ఎంతకాలం పడుతుంది?

ఒప్పుకుని విడిపోయేవాళ్లకు ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్, తర్వాత ఆరు నెలలు ఆగి రెండో మోషన్ (విడాకులు ఇవ్వమని ఇద్దరూ మళ్లీ కోర్టును అడగడం). ఆ ఆరు నెలలను తగిన కేసుల్లో మాఫీ చేయవచ్చని 2017 లో సుప్రీంకోర్టు చెప్పింది. పోరాడే కేసులు ఏళ్లు నడుస్తాయి. నెలలే అన్న లాయరుకు దూరంగా ఉండండి.

మా విషయాలు ఊరంతా తెలుస్తాయేమో?

తలుపులు వేసి విచారించమని అడగవచ్చు. హిందూ వివాహ చట్టం కేసుల వివరాలు ప్రచురించడం కూడా 22వ సెక్షన్ ప్రకారం తప్పు.

## లాయరుతో పేచీ వస్తే

లాయరును మార్చుకోవచ్చా? ఆయన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వనంటున్నారు.

ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అది మీ హక్కు. ముందు మర్యాదగా అడగండి, చేసిన పనికి బాకీ ఉంటే ఇచ్చేయండి. అప్పటికీ ఇవ్వకపోతే కొత్త లాయరు కోర్టు అనుమతితో వకాలత్ వేస్తారు.

ఫీజు బాకీ అని నా కాగితాలు ఉంచేసుకున్నారు.

అలా ఉంచుకునే హక్కు లేదు. ఆర్.డి. సక్సేనా కేసులో 2000 లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ ఉంటే వేరుగా వసూలు చేసుకోవాలి తప్ప కేసు కాగితాల కట్టను తాకట్టు సరుకులా పెట్టుకోకూడదు. ఈలోగా కోర్టులో దాఖలైన వాటికి కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోవచ్చు.

డబ్బు తీసుకుని కేసు గాలికొదిలేశారు. కన్స్యూమర్ ఫోరానికి వెళ్లనా?

లాయర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయాలి. ఇచ్చిన డబ్బుకు ఆధారాలు, కేసు వివరాలు, వాట్సాప్ మాటలు జతచేయండి. చాలాసార్లు బార్ అసోసియేషన్ పెద్దల దగ్గర కూర్చుంటేనే తెగిపోతుంది. ముందు అది ప్రయత్నించండి.

లాయరు వెళ్లకపోవడంతో ఎక్స్‌పార్టీ (మా తరఫు ఎవరూ లేకుండానే తీర్పు) అయిపోయిందంట. ఇక అంతేనా?

అంతే కాదు, కానీ రోజులు లెక్కపెట్టుకోండి. ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేయమని పిటిషన్ వేయడానికి 30 రోజుల గడువు. నోటీసే సరిగ్గా అందని కేసులో అయితే మీకు తెలిసిన రోజు నుంచి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ ఇంకో పిటిషన్ కలపాలి. ఆ రోజుల్లో మీరు ఆసుపత్రిలో ఉన్న చీటీ, వేరే ఊళ్లో ఉన్న రైలు టికెట్, లాయరుకు చేసిన ఫోన్ల స్క్రీన్‌షాట్, ఏదున్నా పట్టుకుని రేపు పొద్దున్నే కోర్టుకు బయల్దేరండి.